ఆ తలుపు ఏం కాస్తోంది? మల్టిపుల్ స్క్లెరోసిస్ మందుల వెనక నూట యాభై ఏళ్ల కథ



మన పెద్దలు తెలంగాణ పల్లెల నుంచి నేతపని వెతుక్కుంటూ సోలాపూర్ ఎట్లా వచ్చారో, ఇక్కడ చాదర్లు నేసి ఎట్లా నిలబడ్డారో ఇంతకుముందు చాలాసార్లు చెప్పుకున్నాం. ఈసారి కూడా చరిత్రే. కాకపోతే ఊరి చరిత్ర కాదు, ఒక జబ్బు చరిత్ర. దాని పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. డాక్టర్లు పొట్టిగా ఎం.ఎస్. అంటారు. ఎందుకు రాస్తున్నామంటే, మా వల్ల ఒక తప్పు జరిగింది. అది ఇంకొక ఇంట్లో జరగకూడదు.

మన సంఘంలోని ఒక ఇంటి ఆడబిడ్డ. పేరు, పేట చెప్పం. ఇరవై ఆరేళ్లప్పుడు ఒక కన్ను మసకబారింది. కన్ను తిప్పితే నొప్పి. కొన్ని వారాల్లో దానంతటదే తగ్గింది. ఎనిమిది నెలలకు నడుము కింద తిమ్మిర్లు, మెట్లెక్కుతుంటే కాళ్లు బరువు. మొదట చూపించిన చోట బలహీనత అని సూదులు రాశారు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టారు. రెండేళ్లు అట్లా పోయాక పుణేలో ఎం.ఆర్.ఐ. తీసి ఎం.ఎస్. అని తేల్చారు. రోజుకొక గోలీ మొదలైంది. ఏడాదిన్నర బాగుంది. అప్పుడు ఒక పెళ్లిలో, భోజనాల దగ్గర, మేమే అన్నాం: "మంచిగనే ఉన్నవు గద బిడ్డా, ఈ వయసుల రోజూ గోలీలెందుకు? ఒంట్లో వేడి చేస్తది." ఆమె మానేసింది. మూడో నెలలో జబ్బు ముందెన్నడూ లేనంత గట్టిగా తిరగబెట్టింది. ఇప్పుడు చేతికర్ర పట్టుకుని నడుస్తోంది.

గోలీ మానితే ఎందుకట్లా అయిందని ఆమె డాక్టరును అడిగాం. ఆయన ఒక్క మాట అన్నారు: "ఆ మందు ఒక తలుపు మూసి ఉంచింది. అది మళ్లీ తెరుచుకుంది." ఆ తలుపు ఏమిటో తెలుసుకుందామని కూర్చుంటే ఈ కథంతా బయటపడింది.

ముందు జబ్బు సంగతి. పవర్‌లూమ్ మోటారుకు వెళ్లే తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది కదా. అది అక్కడక్కడ ఒరుసుకుపోతే కరెంటు సరిగా అందదు, మోటారు ఆగి ఆగి తిరుగుతుంది. మన మెదడులో, వెన్నుపాములో ఉండే నరాల పోగులకు కూడా అట్లాంటి తొడుగు ఉంది. దాన్ని మైలిన్ అంటారు. క్రిములతో పోట్లాడాల్సిన మన సొంత రక్షణ కణాలే పొరపాటు పడి ఆ తొడుగును కొరికేస్తే వచ్చేది ఎం.ఎస్. ఏ నరం దగ్గర తొడుగు పోతే ఆ పని చెడుతుంది. కంటి నరమైతే చూపు, వెన్నుపామైతే కాళ్లు, మూత్రం. కొన్నాళ్లకు కొంత సర్దుకుంటుంది, మళ్లీ ఇంకోచోట మొదలవుతుంది. అందుకే మనవాళ్లు దీన్ని జబ్బుగా గుర్తించరు. వచ్చింది, పోయింది అనుకుంటారు.

ఇట్లా అనుకోవడం మన దగ్గరే మొదలు కాలేదు. ఇంగ్లండు రాజు మూడో జార్జి మనవడు అగస్టస్ డెస్టే 1822లో ఒక అంత్యక్రియలకు వెళ్లివచ్చాక చూపు మసకబారిందని తన డైరీలో రాసుకున్నాడు. తర్వాత పాతికేళ్లపాటు కాళ్ల బలహీనత, తిమ్మిర్లు, చివరికి చక్రాల కుర్చీ, అన్నీ వివరంగా రాస్తూ పోయాడు. రాజుగారి మనవడికి కూడా తన జబ్బు పేరు తెలియకుండానే 1848లో ప్రాణం పోయింది. 1868లో పారిస్‌లోని సల్పెత్రియేర్ ఆసుపత్రిలో జాన్ మార్తాన్ షార్కో అనే డాక్టరు, బతికున్నప్పుడు రోగిలో కనిపించిన లక్షణాలను, చనిపోయాక మెదడులో కనిపించిన గట్టిపడ్డ మచ్చలను జతచేసి ఇది ఫలానా జబ్బు అని వేరుచేసి చూపించాడు. స్క్లెరోసిస్ అంటే గట్టిపడటం. మల్టిపుల్ అంటే అనేకచోట్ల. పేరు దొరికింది గానీ మందు దొరకడానికి ఇంకో నూట పాతికేళ్లు పట్టింది.

ఈ మధ్యకాలంలో వేరే దారిలో ఒక ఆలోచన పుట్టింది. మందు ఒంట్లో అంతటా తిరుగుతుంది కదా, మరి కొన్ని కణాల మీదే ఎందుకు పనిచేస్తుంది? జర్మనీలో పాల్ ఎర్లిష్ రంగులు, విషాలు కొన్ని కణాలకే అంటుకోవడం చూసి, కణం ఒంటిమీద వాటిని పట్టుకునే ప్రత్యేకమైన భాగాలున్నాయని చెప్పాడు. 1900 ప్రాంతంలో వాటికి రిసెప్టర్ అనే పేరు వాడాడు. కేంబ్రిడ్జిలో జాన్ లాంగ్లీ 1905లో నికోటిన్, క్యురారే అనే రెండు విషాలను కండరం మీద ప్రయోగించి ఇంచుమించు అదే మాట అన్నాడు. మన పుస్తకాల్లో దీన్నే గ్రాహకం అని రాస్తారు. మనం తలుపు అనుకుందాం. తలుపుకు తాళం ఉంటుంది, దానికి సరిపోయే చెవి ఉంటుంది. సరైన చెవి పడితే లోపల ఒక పని మొదలవుతుంది. తప్పుడు చెవి ఇరుక్కుంటే తలుపు బిగుసుకుంటుంది. ఈనాటి మందుల్లో చాలావరకు ఈ రెండు పనుల్లో ఏదో ఒకటి చేసేవే.

మన ఒళ్లు మన మీదే తిరగబడుతుందని ఎట్లా తెలిసింది? దీనికి మనందరికీ తెలిసిన సంగతి ఒకటి సాక్ష్యం. పిచ్చికుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేయించుకున్న పెద్దవాళ్లు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. కసౌలీలో డేవిడ్ సెంపుల్ 1911లో తయారుచేసిన ఆ టీకా గొర్రె మెదడు నుంచి తీసింది. 2005 నాటికిగానీ మన దేశంలో దాన్ని ఆపలేదు. ఆ టీకా వేయించుకున్నవారిలో కొద్దిమందికి కాళ్లు చచ్చుబడేవి. పాశ్చర్ కాలం నుంచీ ఇట్లాంటి కేసులు డాక్టర్లను వేధిస్తూనే ఉన్నాయి. జబ్బు కుక్క నుంచి వచ్చిందా, టీకాలోని మెదడు పదార్థం నుంచి వచ్చిందా అని తేల్చడానికి న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సంస్థలో థామస్ రివర్స్ 1930లలో కోతులకు పదేపదే కుందేలు మెదడు సారం ఎక్కించాడు. ఏ క్రిమీ లేకుండానే వాటిలో కొన్నింటికి పక్షవాతం వచ్చింది, మెదడులో మైలిన్ దెబ్బతింది. అంటే శత్రువు బయటివాడు కాదు, తప్పుదారి పట్టిన కాపలాదారు. తర్వాత వచ్చిన ఎం.ఎస్. మందులను చాలావరకు ముందు ఈ నమూనా జబ్బు మీదనే పరీక్షించారు.

కాపలాదారు ఎవరిని పట్టుకోవాలో ఎట్లా తెలుసుకుంటాడు? అక్కడా తలుపే. ఇతర కణాలు తమలోని ప్రోటీన్ ముక్కలను హెచ్.ఎల్.ఎ. అనే పళ్లెంలో పెట్టి చూపిస్తాయి. టి-కణం తన రిసెప్టర్‌తో ఆ పళ్లెంలోని ముక్కను తడిమి చూసి మనదా, పరాయిదా అని నిర్ణయిస్తుంది. ఈ రిసెప్టర్ జన్యువులను 1984లో కెనడాలో టాక్ మాక్, అమెరికాలో మార్క్ డేవిస్ బృందాలు విడివిడిగా పట్టుకున్నాయి. ఎం.ఎస్. ఉన్నవారిలో ఒక రకం పళ్లెం, డి.ఆర్.15 అనేది, ఎక్కువగా కనిపిస్తుందని కూడా తేలింది. అది ఉంటే ముప్పు దాదాపు మూడు రెట్లు. అయినా ఆ పళ్లెం ఉన్నవారిలో చాలా చాలామందికి జబ్బు రానే రాదు. కాబట్టి ఇది అంటుజబ్బు కాదు, తల్లి నుంచి బిడ్డకు తప్పక దిగే జబ్బూ కాదు. సంబంధాలు చూసేటప్పుడు గుసగుసలు పోయేవాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి.

ఇక మందుల కథ. మొదట్లోనే ఒక ఎదురుదెబ్బ. ఇంటర్‌ఫెరాన్ అనేవి వైరస్‌లు వచ్చినప్పుడు మన కణాలే విడుదల చేసే పదార్థాలు. ఎం.ఎస్. వెనక వైరస్ ఉండవచ్చని, 1987లో అమెరికాలో 18 మంది రోగులకు గామా ఇంటర్‌ఫెరాన్ ఇచ్చి చూశారు. 7గురికి జబ్బు తిరగబెట్టింది. వెంటనే ఆపేశారు. 1993లో బీటా ఇంటర్‌ఫెరాన్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది. అది జబ్బు తిరగబెట్టడాన్ని సుమారు మూడో వంతు తగ్గించింది. ఎం.ఎస్. నడకనే మార్చడానికి అనుమతి పొందిన మొదటి మందు అదే. పేరు ఇద్దరిదీ ఇంటర్‌ఫెరానే, ఇంటిపేరు ఒకటే. కానీ వెళ్లి తట్టే తలుపులు వేరు. ఒక తలుపు తట్టితే మంట పెరిగింది, ఇంకొకటి తట్టితే తగ్గింది.

అట్లాంటిదే ఇంకొకటి. టి.ఎన్.ఎఫ్. అనే పదార్థం మంటను పెంచుతుంది. దాన్ని అడ్డుకునే మందులు కీళ్లవాతంలో అద్భుతంగా పనిచేశాయి. ఎం.ఎస్.లోనూ పనిచేస్తాయని లెనెర్సెప్ట్ అనే మందుతో ప్రయత్నించారు. 1999లో ఫలితాలు వచ్చాయి: మందు తీసుకున్నవారిలో జబ్బు ఎక్కువైంది. ఎందుకో చాలాకాలం అంతుపట్టలేదు. 2012లో జన్యు పరిశోధకులు, టి.ఎన్.ఎఫ్.కు తలుపైన రిసెప్టర్‌లో ఒక చిన్న మార్పు ఉన్నవారికి ఎం.ఎస్. ముప్పు ఎక్కువని, ఆ మార్పు కూడా ఆ మందు చేసే పనే చేస్తోందని చూపించారు. ప్రకృతి రాసిపెట్టిన హెచ్చరికను మనుషులు ఆలస్యంగా చదివారు. అందుకే కీళ్లవాతానికి సూదులు వాడేవారికి ఎం.ఎస్. లక్షణాలుంటే డాక్టరుకు తప్పక చెప్పాలి. పక్కింటాయనకు పనిచేసిన మందు మనకు చేటు కావచ్చు.

ఇప్పుడు అసలు ఘట్టం. మెదడు చుట్టూ ఉన్న రక్తనాళాలు మామూలుగా కాపలా కణాలను లోపలికి రానివ్వవు. మరి ఎం.ఎస్.లో ఎట్లా దూరుతున్నాయి? 1992లో కాలిఫోర్నియాలో టెడ్ యెడ్‌నాక్, లారెన్స్ స్టైన్‌మన్, వారి తోటి పరిశోధకులు ఎలుకల జాతి జంతువుల మీద ఒక పని చేశారు. మంట పుట్టిన మెదడు రక్తనాళాల గోడకు కాపలా కణాలు ఏ కొక్కెంతో తగులుకుంటున్నాయో వెతికారు. ఒక్కో కొక్కేన్ని ఒక్కో యాంటీబాడీతో కప్పి చూశారు. ఆల్ఫా-4 ఇంటెగ్రిన్ అనే కొక్కేన్ని కప్పినప్పుడు కణాలు గోడకు అంటుకోలేకపోయాయి. జంతువులకు పక్షవాతం రాలేదు. కణాన్ని చంపలేదు, నోరు కట్టలేదు. గుమ్మం దగ్గర చేతికి పట్టు దొరకకుండా చేశారంతే.

ఒకే గురికి తగిలే యాంటీబాడీలను కావలసినంత తయారుచేసే పద్ధతిని కోలర్, మిల్‌స్టైన్ 1975లోనే కేంబ్రిడ్జిలో కనిపెట్టి ఉన్నారు. మందుల పేర్ల చివర మాబ్ అని ఉంటే అది ఆ జాతిదని గుర్తు. అట్లా తయారైన నటాలిజుమాబ్‌కు 2004 నవంబరులో అమెరికా అనుమతినిచ్చింది. జబ్బు తిరగబెట్టడాన్ని 68 శాతం తగ్గించిందని పెద్ద పరీక్షలో తేలింది. అంతకుముందు ఏ మందూ ఇంత చేయలేదు. రోగులు పండగ చేసుకున్నారు.

మూడు నెలలు దాటాయంతే. 2005 ఫిబ్రవరి 28న కంపెనీయే మందును మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. పరీక్షల్లో మందు తీసుకున్న ముగ్గురికి, ఇద్దరు ఎం.ఎస్. వాళ్లు, ఒకరు పేగు జబ్బు వాళ్లు, పి.ఎం.ఎల్. అనే అరుదైన మెదడు జబ్బు వచ్చింది. ఇద్దరు చనిపోయారు. కారణం జె.సి. అనే వైరస్. పెద్దవాళ్లలో సగానికి పైగా మందిలో ఇది చప్పుడు లేకుండా ఉంటుంది. మన కాపలా కణాలు మెదడులోకి అప్పుడప్పుడు వెళ్లి గస్తీ తిరగడం వల్లే అది తల ఎత్తకుండా ఉంటుందని అప్పుడు అర్థమైంది. దొంగను ఆపడానికి తలుపు వేస్తే, గస్తీకి వచ్చే పోలీసూ బయటే ఉండిపోయాడు.

తర్వాత జరిగింది మనం గుర్తుపెట్టుకోవాల్సింది. 2006 మార్చిలో అమెరికా మందుల సంస్థ నిపుణుల సభ పెట్టింది. రోగులే వచ్చి మాట్లాడారు, కొందరు చక్రాల కుర్చీల్లో. ప్రమాదం తెలుసు, అయినా ఆ మందు మాకు కావాలి, నిర్ణయం మాకు వదలండి అన్నది వాళ్ల వాదన. జూన్‌లో మందు గట్టి కట్టుబాట్లతో తిరిగి వచ్చింది. రక్తంలో జె.సి. వైరస్ జాడ ఉందా, మందు మొదలుపెట్టి రెండేళ్లు దాటిందా, ఇంతకుముందు రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడారా, ఈ మూడింటిని బట్టి ముప్పు లెక్కకట్టడం నేర్చుకున్నారు. 2012లో ఆ రక్తపరీక్షకు అమెరికాలో అనుమతి వచ్చింది. మందును నెత్తిన పెట్టుకోలేదు, మూలకూ తోసేయలేదు. ఎవరికి, ఎంతకాలం, ఏం చూసుకుంటూ అని ప్రశ్న మార్చుకున్నారు.

ఇక మన బిడ్డ వేసుకున్న గోలీ, ఫింగోలిమోడ్. దాని కథ జపాన్‌లో మొదలైంది. పురుగుల మీద మొలిచే ఒక జాతి బూజు నుంచి క్యోటో విశ్వవిద్యాలయంలో టెట్సురో ఫుజిత బృందం రోగనిరోధక శక్తిని తగ్గించే పదార్థం తీసి, దాన్ని మార్చి మార్చి 1990లలో ఈ మందు తయారుచేసింది. మొదట కిడ్నీ మార్పిడి కోసం పరీక్షించారు, అక్కడ ఉన్న మందులకన్నా మెరుగనిపించలేదు. అది ఎట్లా పనిచేస్తుందో 2002 దాకా తెలియదు. తీరా చూస్తే, ఒంట్లోకి వెళ్లాక అది స్ఫింగోసిన్ అనే పదార్థం వేషం వేసుకుని, ఎస్1పి రిసెప్టర్లు అనే తలుపుల దగ్గరకు పోతోంది. ఈ స్ఫింగోసిన్‌కు పేరు పెట్టింది లండన్‌లో డాక్టరు టుడికుమ్, 1884లో. మెదడులో దొరికిన ఆ పదార్థం అంతుచిక్కక, పొడుపుకథలు వేసే గ్రీకు పురాణాల స్ఫింక్స్ పేరు పెట్టాడు. ఆ పొడుపు విప్పడానికి నూట పద్దెనిమిదేళ్లు పట్టింది.

గజ్జల్లో, మెడలో బిళ్ళలు కడతాయి కదా, అవే లింఫ్ గ్రంథులు. కాపలా కణాలు అక్కడ పోగై, పని పడినప్పుడు రక్తంలోకి బయల్దేరతాయి. బయటికి దారి చూపేది వాటి మీదున్న ఎస్1పి-1 రిసెప్టరే. ఫింగోలిమోడ్ దానికి అంటుకోగానే కణం ఆ రిసెప్టర్‌ను లోపలికి లాగేసుకుంటుంది. ఇక దారి తెలియక కాపలా కణాల్లో చాలాభాగం గ్రంథుల్లోనే కూర్చుంటాయి. మెదడు దాకా రావు. 2010 సెప్టెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. ఎం.ఎస్. నడకను మార్చే మందుల్లో, సూది లేకుండా నోటితో వేసుకునేదిగా అక్కడ అనుమతి పొందిన మొదటిది అదే. తిరగబెట్టడాన్ని సగానికి పైగా తగ్గించింది. అయితే ఇదే కుటుంబం తలుపులు గుండెలోనూ ఉన్నాయి. అందుకే మొదటి గోలీ వేసి ఆరు గంటలు నాడి, బీపీ చూస్తూ కూర్చోబెడతారు. కంటి లోపలి పొర వాచవచ్చు కాబట్టి కళ్లు చూపించుకోమంటారు. అమ్మవారు పోసిందా, టీకా ఉందా అని అడుగుతారు. గర్భం దాల్చాలనుకుంటే ముందే చెప్పమంటారు, ఎందుకంటే కడుపులో బిడ్డకు ఈ మందు మంచిది కాదు.

మందు ఆపితే ఏమవుతుంది? గోలీ ఆగిన కొన్ని వారాల్లో రిసెప్టర్ మళ్లీ కణం మీదికి వస్తుంది. గ్రంథుల్లో ఆగిపోయిన కణాలు రక్తంలోకి వచ్చేస్తాయి. కొందరిలో జబ్బు మందుకు ముందున్నదానికన్నా ఉధృతంగా తిరగబెడుతుందని 2018 నవంబరులో అమెరికా మందుల సంస్థ హెచ్చరించింది కూడా. ఆ హెచ్చరిక కాగితం మీద ఉంది. పెళ్లి భోజనాల దగ్గర మాకు తెలియలేదు. ఈ మందు ఎప్పటికీ ఆపకూడదని కాదు. ఆపాల్సివస్తే ఎప్పుడు, దాని బదులు ఏది, ఎంత ఎడంతో మొదలుపెట్టాలి అనేది డాక్టరు లెక్క వేసి చేయాల్సిన పని. నటాలిజుమాబ్ ఆపినా ఇట్లాగే తిరగబెట్టే భయముంది.

మూడో కథ బి-కణాలది. ఎన్నో ఏళ్లు ఎం.ఎస్. అంటే టి-కణాల జబ్బే అనుకున్నారు. బి-కణాల ఒంటిమీద సి.డి.20 అనే గుర్తు ఉంటుంది. నిజానికి దానికి సరిపోయే సహజమైన తాళంచెవి ఏదీ దొరకలేదు కాబట్టి దాన్ని పూర్తి అర్థంలో రిసెప్టర్ అనలేం, ఇంటి తలుపు మీది నంబరు అనుకోండి. ఆ నంబరు చూసి బి-కణాలను తొలగించే రిటుక్సిమాబ్ 1997లో రక్తపు కేన్సరు మందుగా వచ్చింది. దాన్ని స్టీఫెన్ హౌసర్, తోటివారు 104 మంది ఎం.ఎస్. రోగుల మీద పరీక్షించి 2008లో ఫలితం ప్రకటించారు. మెదడులో కొత్త మచ్చలు 91 శాతం తగ్గాయి. అదీ కొన్ని వారాల్లోనే. యాంటీబాడీలను తయారుచేసే ప్లాస్మా కణాల మీద సి.డి.20 ఉండదు, కాబట్టి అంత త్వరగా యాంటీబాడీలు తగ్గవు. అంటే బి-కణాలు యాంటీబాడీలే కాక ఇంకేదో చేస్తున్నాయి. పళ్లెంలో ముక్కలు పెట్టి టి-కణాలను ఉసిగొల్పేవాళ్లలో అవీ ఉన్నాయన్నమాట. మందు రోగాన్ని తగ్గించడమే కాదు, రోగం ఏమిటో నేర్పింది. ఆ దారిలో వచ్చిన ఓక్రెలిజుమాబ్‌కు 2017 మార్చిలో అనుమతి దొరికింది. మొదటి నుంచీ ఆగకుండా ముదిరే రకం ఎం.ఎస్.కు అనుమతి పొందిన మొదటి మందు అదే.

బి-కణాలకే ఇంకో తలుపుంది, సి.డి.21. ఎప్స్టీన్-బార్ అనే వైరస్ దాన్ని తట్టే లోపలికి పోతుంది. దాదాపు పెద్దవాళ్లందరిలో ఈ వైరస్ ఉంటుంది. అమెరికా సైన్యంలో కోటి మందికి పైగా సైనికుల రికార్డులు, దాచిన రక్తపు నమూనాలు వెతికి, అల్బెర్టో అషేరియో బృందం 2022లో ఒక సంగతి బయటపెట్టింది. ఈ వైరస్ సోకాక ఎం.ఎస్. ముప్పు 32 రెట్లు పెరిగింది. వేరే వైరస్‌లకు అట్లా లేదు. అదే ఏడాది స్టైన్‌మన్ కూడా ఉన్న మరో బృందం, వైరస్‌లోని ఒక ముక్కకూ మెదడులోని ఒక ప్రోటీన్‌కూ పోలిక ఉందని, కొందరి యాంటీబాడీలు రెండింటినీ పట్టుకుంటున్నాయని చూపించింది. వైరస్ ఒక్కటే చాలదు, లేకపోతే అందరికీ ఎం.ఎస్. వచ్చేది. గాలి సోకిందనే మాట వెనక ఏదో బయటిది లోపలికి వచ్చిందన్న ఊహ ఉంది. ఊహ పూర్తిగా తప్పు కాదు, తాయెత్తే తప్పు.

మన తెలుగువాళ్లకు ఈ కథలో ఒక నిజమైన చోటుంది. రిటుక్సిమాబ్‌కు సమానమైన మందును 2007లో హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ కంపెనీ మార్కెట్లోకి తెచ్చింది. యాంటీబాడీ మందులకు అట్లాంటి ప్రతిరూపం తయారుచేయడంలో ప్రపంచంలోనే అది మొదటిది. కేన్సరు కోసం వచ్చిన ఆ మందును మన దేశంలో డాక్టర్లు ఎం.ఎస్.కూ వాడుతున్నారు. స్వీడన్‌లో అయితే ఎం.ఎస్.కు రిటుక్సిమాబే విరివిగా వాడతారు. 2023 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యవసర మందుల జాబితాలో మొదటిసారిగా ఎం.ఎస్. మందులను చేర్చింది. మూడింటిలో ఒకటి రిటుక్సిమాబ్. కొత్త మందు అందని ఇంటికి ఇది చిన్న విషయం కాదు. అయితే ఈ తలుపూ ఊరికే లేదు. మందుకు ముందు హెపటైటిస్-బి పరీక్ష చేయాలి, వేయాల్సిన టీకాలు ముందే వేసుకోవాలి, తర్వాత జ్వరం వస్తే తేలిగ్గా తీసుకోకూడదు.

ఇంకో జాగ్రత్త మన దేశంలో మరీ అవసరం. ఎం.ఎస్.లాగే కన్ను, కాళ్లు దెబ్బతినే ఎన్.ఎం.ఒ. అనే జబ్బు ఉంది. అక్కడ శత్రువు ఎవరో 2004, 2005లలో అమెరికా మేయో క్లినిక్ పరిశోధకులు పట్టుకున్నారు: మెదడు కణాల్లో నీటి దారి అయిన ఆక్వాపోరిన్-4 మీద తిరగబడ్డ యాంటీబాడీ. దీనికి రక్తపరీక్ష ఉంది. ఇంటర్‌ఫెరాన్, ఫింగోలిమోడ్, నటాలిజుమాబ్ ఆ జబ్బులో మేలు చేయకపోగా ముదిరిస్తాయి. తలుపు పోల్చుకోకుండా తాళం వేస్తే ఇట్లా ఉంటుంది.

పెళ్లి, పిల్లల మాట కూడా చెప్పాలి. ఎం.ఎస్. ఉన్నవాళ్లు పిల్లల్ని కనవద్దని ఒకప్పుడు డాక్టర్లే చెప్పేవారు. 12 యూరపు దేశాల్లో 254 మంది స్త్రీలను గమనించి 1998లో ఫ్రాన్సు డాక్టర్లు ప్రకటించిన ఫలితం ఆ మాట మార్చింది. కడుపుతో ఉన్న చివరి మూడు నెలల్లో జబ్బు బాగా తగ్గుముఖం పట్టింది. కాన్పు తర్వాత మూడు నెలలు పెరిగి, ఆపైన మునుపటి స్థాయికి వచ్చింది. కాబట్టి ఆడబిడ్డకు ఎం.ఎస్. అని తెలియగానే సంబంధాలు మూసేయడం మన అజ్ఞానమే. ఆ తలుపు మూసేది మందు కాదు, మనం.

మా సంఘం ఇప్పుడు ఒక నియమం పెట్టుకుంది. ఎవరింట్లో ఎవరు మందు వేసుకుంటున్నా మానెయ్యమని అనం. దాని బదులు మూడు ప్రశ్నలు డాక్టరును అడగమంటాం. ఈ మందు ఏ తలుపు మూస్తుంది? ఆ తలుపు ఇన్నాళ్లూ ఏం కాస్తోంది, అది మూస్తే దేనికి జాగ్రత్త పడాలి? ఎప్పుడైనా ఆపాల్సివస్తే ఎట్లా ఆపాలి? మనవాళ్లలో పెద్దవాళ్లకు డాక్టరు మరాఠీలో, హిందీలో చెప్పింది సగమే అర్థమవుతుంది. వెంట ఒకరు వచ్చి రాసుకోవడానికి సంఘం నుంచి మనిషిని పంపుతాం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఎం.ఎస్. కూడా ఒక వైకల్యంగా నమోదైంది. సర్టిఫికెట్టుకు అర్హత ఉంటే ఆ కాగితాల పనిలోనూ తోడుంటాం. ముంబయిలో 1985లో మొదలైన మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియా కూడా ఉంది.

ఇదంతా రాసి, పంపే ముందు ఆ బిడ్డకు చదివి వినిపించాం. పెళ్లి భోజనాల ముచ్చట వచ్చినప్పుడు మేము ఆగిపోయాం. ఆమె అన్నది: "చదువు కాకా. అది తీసెయ్యకు. అదే అందరు చదవాలె." అందుకే తీయలేదు. ఇప్పుడు ఆమె కొత్త మందు మీద ఉంది, ఆరు నెలలకోసారి పుణే వెళ్లి వస్తోంది. పోయినసారి స్టేషన్ మెట్లు రైలింగు పట్టుకుని తనంతట తానే ఎక్కింది. వెనక మేము సంచి పట్టుకుని నడిచాం.